వంపు కప్పులు, చదును పలకలు

ఒక కాగితమును చుట్టి గొట్టముగా చేయవచ్చును, పొట్లముగాను కట్టవచ్చును. అదే కాగితమును ముడత పడకుండ, చిరగకుండ బంతి మీద అంటించుట మాత్రము ఎవరికిని సాధ్యము కాదు. ఇది చేతిపనిలోని లోపము కాదు, క్షేత్రగణిత నియమము. గొట్టము ఒక్క దిక్కుననే వంగును. బంతి రెండు దిక్కుల వంగును. అట్టి తలమును సాగదీయక, కుదించక చదును చేయలేమని జర్మన్ గణితవేత్త గౌస్ 1827లో ప్రతిపాదించిన సిద్ధాంతము వలన తేలినది.

ఇండ్లు కట్టువారికి దీనితో ఏమి పని? గాజు పలకలు, ఉక్కు రేకులు కర్మాగారములో చదునుగా తయారగును. వాటిని వంచవలెనన్న ఖర్చు పెరుగును. కాబట్టి వంపు కప్పును ఎట్టి ముక్కలుగా విభజించవలెను అనునదే అసలు ప్రశ్న.

ఇట్టి ప్రశ్నకు జవాబు దొరకక ఒక గొప్ప కట్టడము చిక్కులో పడినది. ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున సంగీత నాటకశాల కొరకు జరిగిన పోటీలో 1957లో డెన్మార్కు వాస్తుశిల్పి యోర్న్ ఉట్జన్ గెలుపొందెను. తెరచాపలవంటి కప్పులను ఆయన చేతితో గీసెనే గాని, వాటికి సమీకరణము లేదు. 1959లో నిర్మాణము మొదలైనది. ఓవ్ ఆరప్ సంస్థ ఇంజనీర్లు పరావలయములతోను, దీర్ఘవృత్తములతోను ఏండ్ల తరబడి ప్రయత్నించిరి. ఆ ఆకారములలో వంపు చోటుచోటుకు మారును. కనుక ఎన్నో వేరువేరు అచ్చులు కావలెను. 1961లో దారి దొరికినది. కప్పులన్నిటిని సుమారు 75 మీటర్ల వ్యాసార్ధము గల గోళము నుండి కోసిన ముక్కలుగా భావించిరి. గోళము మీద వంపు అంతటను సమానము. అందుచేత ఒకే అచ్చులో పోసిన కాంక్రీటు భాగములు అనేక స్థానములలో అమరినవి. ఆనాటికి కొత్తవైన కంప్యూటర్లు లెక్కలలో తోడ్పడినవి. అయినను కట్టడమును గట్టెక్కించినది యంత్రము కాదు. తగిన తలమును ఎన్నుకొనిన ఆలోచన. ప్రభుత్వముతో విభేదించి ఉట్జన్ 1966లో తప్పుకొనెను. 1973లో శాల ప్రారంభమైనది. 2008లో మరణించువరకు ఆయన దానిని పూర్తియైన రూపములో కన్నులార చూడలేదు.

అన్ని కప్పులు గోళములు కాజాలవు. లండనులోని బ్రిటిష్ మ్యూజియములో దీర్ఘచతురస్రాకారపు ముంగిలి నడుమ గుండ్రని పఠనశాల కలదు. అది సరిగా మధ్యలో లేదు. ఆ రెంటి నడుమ గాజు కప్పు వేయుటకు బాత్ విశ్వవిద్యాలయమునకు చెందిన క్రిస్ విలియమ్స్ తలమును గణిత సూత్రముతో నిర్వచించి, కంప్యూటరుతో దానిపై త్రిభుజముల వల పరచెను. 2000లో పూర్తియైన ఈ కప్పులో 3,312 గాజు పలకలు, 4,878 ఉక్కు కడ్డీలు, 1,566 కీళ్ళు కలవు. పలకల కొలతలు వేరువేరు. ఇన్ని కొలతలను చేతితో లెక్కించుట ఎంత కష్టమో ఊహించవచ్చును.

ఇక్కడ ఒక చక్కని పాఠమున్నది. ఘనము వంటి బహుముఖికి శీర్షముల నుండి అంచులను తీసివేసి ముఖములను కలిపిన 2 వచ్చునని ఆయిలర్ సూత్రము. నడుమ రంధ్రమున్న గాజుల వంటి చదును వలయమునకు ఆ ఫలితము 0. పై సంఖ్యలతో చూడుడు: 1,566 − 4,878 + 3,312 = 0. వలయపు సరిహద్దు మీది బిందువులు, రేఖలు సమసంఖ్యలో ఉండును గనుక, వాటిని లెక్కించినను మానినను ఫలితము మారదు.

త్రిభుజములే ఎందుకు? ముక్కాలిపీట ఎగుడుదిగుడు నేల మీదను ఊగదు. నాలుగు కాళ్ళ మంచము ఊగును. మూడు బిందువుల గుండ ఎల్లప్పుడును ఒక సమతలము పోవును. నాల్గవది అందులో ఉండునన్న నమ్మకము లేదు. కావున త్రిభుజాకారపు గాజు ఎప్పుడును చదునే. అయితే త్రిభుజముల వలలో సాధారణముగా ఒక్కొక్క కీలు వద్ద ఆరు కడ్డీలు కలియును. చతుర్భుజములైన నాలుగే చాలును. అప్పుడు ఉక్కు తగ్గును, కీళ్ళ పని సులువగును. అందుచేత చదునైన చతుర్భుజములతో వంపు తలమును కప్పుటెట్లను విషయమై పరిశోధకులు కృషి చేయుచున్నారు. ఒక ఉపాయము సులభము. విరిగిన గీత నొకదానిని, దిశ మార్చకుండ, మరియొక విరిగిన గీత వెంట జరుపవలెను. అప్పుడు ఏర్పడునవన్నియు సమాంతర చతుర్భుజములే. అవి చదునుగనే ఉండును. బెర్లిన్ జంతుప్రదర్శనశాలలో నీటిగుఱ్ఱముల శాలకు 1990ల దశకములో వేసిన గాజు కప్పునకు ఇదే ఆధారము. ఇంతకన్న స్వేచ్ఛయైన ఆకారముల కొరకు వియన్నాలో హెల్ముట్ పోట్‌మన్ మొదలైనవారు పరిశోధనలు చేసిరి. ఈ శాఖకు ప్రత్యేకించిన సమావేశములు 2008లో ఆ నగరముననే ఆరంభమైనవి.

చీపురుపుల్లలు, దారముతో ఇట్టి వలను తరగతిలోనే కట్టి చూడవచ్చును. త్రిభుజము పట్టి వంచినను కదలదు. చతుర్భుజము మెలి తిరుగును. ఆ మెలికను పోగొట్టుటయే ఇంజనీరు పని. లెక్క ఎంత పెద్దదైనను కంప్యూటరు చేయును. ఏ లెక్క చేయవలెనో చెప్పుటకు మాత్రము క్షేత్రగణితము తెలిసిన మనిషి కావలెను.