ఉద్యోగాలు వద్దన్నాడు.. ఆటనే ఉద్యోగం చేసుకున్నాడు!

1977 సెప్టెంబరు 24. కోల్‌కతా ఈడెన్‌ గార్డెన్స్‌. వానకు నాని బురదైన మైదానం. ఒకవైపు పీలే ఆడుతున్న న్యూయార్క్‌ కాస్మోస్‌, ఇంకోవైపు మోహన్‌ బగాన్‌. తొలి గోల్‌ కాస్మోస్‌ది. శ్యామ్‌ థాపా దాన్ని సమం చేశాడు. తర్వాత బగాన్‌ను ముందుకు తీసుకెళ్లిన గోల్‌ మన హైదరాబాదీది. పేరు మహ్మద్‌ హబీబ్‌. చివరికి ఒక పెనాల్టీతో కాస్మోస్‌ 2-2 చేసి పరువు దక్కించుకుంది. ఆ పెనాల్టీ కొట్టింది జార్జియో కినాలియా అనే ఇటలీ ఫార్వర్డ్‌.

దాన్ని అందరూ పీలే మ్యాచ్‌ అనే గుర్తుపెట్టుకున్నారు. ఇది కెరీర్‌ పేజీ కాబట్టి మనం పీలేని కాసేపు పక్కన పెట్టి, మిగతా ఇద్దరు ఫార్వర్డ్‌ల రెజ్యూమెలు చూద్దాం.

కినాలియా చిన్నప్పుడే కుటుంబంతో వేల్స్‌ వెళ్లాడు. అక్కడ స్వాన్సీ క్లబ్‌ కొన్నాళ్లు చూసి వదిలేసింది. 1966లో ఇటలీకి తిరిగొచ్చి మసేజే అనే చిన్న క్లబ్‌లో చేరాడు. ఆడేది సిరీ-సి, అంటే మూడో డివిజన్‌. తర్వాత ఇంటర్‌నాపోలి, అదీ సిరీ-సినే. 1969లో లాజియో పిలిచింది. 1974లో లాజియో తొలిసారి ఇటలీ చాంపియన్‌ అయినప్పుడు లీగ్‌ మొత్తంలో ఎక్కువ గోల్స్‌ అతనివే: 24. మన భాషలో చెప్పాలంటే, చిన్న సర్వీస్‌ కంపెనీలో మూడేళ్లు చేసి పెద్ద ప్రాడక్ట్‌ కంపెనీకి జంప్‌ కొట్టడం లాంటిది.

అదే 1966లో, పదిహేడేళ్లు నిండీ నిండని హబీబ్‌ కోల్‌కతా వెళ్లి ఈస్ట్‌ బెంగాల్‌లో చేరాడు. ఇతనికి మాత్రం ఎక్కడానికి అలాంటి మెట్లు లేవు. ఇటలీలో ఇవాళ లెక్క చూస్తే సిరీ-ఎలో 20, బిలో 20, సిలో 60, మొత్తం వంద ప్రొఫెషనల్‌ క్లబ్‌లు. మూడో డివిజన్‌లో బెంచ్‌ మీద కూర్చునే కుర్రాడికీ కాంట్రాక్టు ఉంటుంది. మన దగ్గర అప్పట్లో ఫుట్‌బాలర్‌కు జీతం అంటే ఏదో ఒక డిపార్టుమెంటు ఇచ్చే జీతమే.

అందులో హైదరాబాద్‌ పోలీస్‌ది పెద్ద కథ. కోచ్‌ సయ్యద్‌ అబ్దుల్‌ రహీమ్‌ చేతిలో ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్‌ కప్‌ గెలిచింది. అజయ్‌ దేవగణ్‌ ‘మైదాన్‌’ సినిమా ఈ రహీమ్‌ గురించే. ఆయన శిక్షణలో భారత్‌ 1956 మెల్‌బోర్న్‌ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చింది. ఇక్కడి కుర్రాళ్లకు బంతి బాగా తన్నడమంటే పోలీసు యూనిఫాం, నెల జీతం, ఆ తర్వాత పింఛను. పాతబస్తీలో ఆ ఆట వాసన ఇంకా పోలేదు. సిటీ కాలేజీ దగ్గర కులీ కుతుబ్‌ షా స్టేడియం ఉంది. ఒకప్పుడు నిజాం సైన్యంలోని అరబ్బు సిపాయిల బ్యారక్‌లు ఉండటంతో ఆ పేరొచ్చిన బార్కాస్‌లో అయితే క్రికెట్‌ కంటే ఫుట్‌బాల్‌ మాటే ముందు వినపడుతుంది.

అలాంటి ఊరి నుంచి వెళ్లిన హబీబ్‌ ఉద్యోగాలు వస్తుంటే వద్దన్నాడు. ఒక్కసారి కాదు. బ్యాంకో, రైల్వేనో చూసుకుని సాయంత్రాలు ఆడుకోవడం రివాజుగా ఉన్న కాలంలో ఆట తప్ప ఇంకేం చేయనన్నాడు. అందుకే మన దేశంలో తొలి సిసలైన ప్రొఫెషనల్‌ ఫుట్‌బాలర్‌గా అతని పేరే చెబుతారు.

ఈ ముక్క ఒక్కటే కట్‌ చేసి ‘ప్యాషన్‌ ఉంటే చాలు బ్రో’ అని రీల్‌ చేయొచ్చు. నాకైతే అది సగం కథే అనిపిస్తుంది. హబీబ్‌ వెళ్లిన ఊరు కోల్‌కతా. అక్కడ ఈస్ట్‌ బెంగాల్‌, మోహన్‌ బగాన్‌, మహ్మదన్‌ స్పోర్టింగ్‌ ఒకరి ఆటగాణ్ని ఒకరు ఎగరేసుకుపోవడానికి కాచుకుని ఉండేవి. ట్రాన్స్‌ఫర్ల సీజన్‌లో ప్రత్యర్థులకు చిక్కకుండా ఆటగాళ్లను దాచిపెట్టిన కథలు ఆ ఊళ్లో బోలెడు. అంటే ఒక్క నైపుణ్యానికి ముగ్గురు కొనుగోలుదారులు. 1966 నుంచి 1984 దాకా, పద్దెనిమిదేళ్లు, హబీబ్‌ ఈ మూడింటి మధ్యే తిరిగాడు. వదిలి వెళ్లిన క్లబ్‌ కూడా మళ్లీ పిలిచింది. ఒక్కసారి కాదు, మళ్లీ మళ్లీ.

పిలిపించుకున్న పనితనం ఏమిటంటే.. గోల్‌ దగ్గర కాచుకుని నిలబడే రకం కాదు. ఫార్వర్డే అయినా వెనక్కి పరుగెత్తి బంతి లాక్కొచ్చేవాడు, పక్కవాడికి దారి చేసేవాడు. 1969 సంతోష్‌ ట్రోఫీలో బెంగాల్‌ తరఫున 11 గోల్స్‌తో టాప్‌ స్కోరర్‌. 1970 బ్యాంకాక్‌ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఉన్నాడు. కెప్టెన్‌ సయ్యద్‌ నయీముద్దీన్‌, అతనూ హైదరాబాదీయే. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు ఆ తర్వాత పతకమే లేదు. 1977లో బగాన్‌ ఐఎఫ్‌ఏ షీల్డ్‌, రోవర్స్‌, డ్యూరాండ్‌ మూడూ గెలిచింది. 1980లో అర్జున అవార్డు వచ్చింది. కోల్‌కతా జనం ‘బడే మియా’ అని పిలుచుకున్నారు. తమ్ముడు అక్బర్‌ కూడా అక్కడే ఆడాడు. 1976 డెర్బీలో మ్యాచ్‌ మొదలైన 17 సెకన్లకే గోల్‌ కొట్టింది అతనే!

మరి ఆట ఆగిపోతే? సికింద్రాబాద్‌ అమ్ముగూడ నుంచి వెళ్లిన తులసీదాస్‌ బలరామ్‌ది అదే కథ. 1962 స్వర్ణ పతక జట్టులోని ఫార్వర్డ్‌. ఈస్ట్‌ బెంగాల్‌ నుంచి బీఎన్‌ఆర్‌ రైల్వే జట్టుకు మారాడు. 1963లో జబ్బు చేసి కెరీర్‌ ముగిసింది. అప్పటికి ముప్పై కూడా రాలేదు. హబీబ్‌ కాళ్లు పద్దెనిమిదేళ్లు నిలబడ్డాయి కాబట్టి అతని నిర్ణయం ఇవాళ ధైర్యంలా కనిపిస్తోంది. తర్వాత టాటా ఫుట్‌బాల్‌ అకాడమీలో కోచ్‌గా కుర్రాళ్లను తయారుచేశాడు. పార్కిన్సన్స్‌తో పోరాడి 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లో కన్నుమూశాడు.

ఇప్పుడు మన సంగతి. ఐఎస్‌ఎల్‌ కింద ఐ-లీగ్‌, దాని కింద ఐ-లీగ్‌ 2 ఉండేవి, 2023లో ఐ-లీగ్‌ 3 కూడా వచ్చి చేరింది. పేపర్‌ మీద మెట్లు ఉన్నట్టే. కానీ 2019లో మొదలై 2021-22 ఐఎస్‌ఎల్‌ ట్రోఫీ ఎత్తిన హైదరాబాద్‌ ఎఫ్‌సీని చూడండి. ఏడాదిన్నర తిరక్కుండానే జీతాల బకాయిలు వార్తలకెక్కాయి, ఆటగాళ్లు వెళ్లిపోయారు, 2025లో క్లబ్బే ఢిల్లీకి మారిపోయింది. చాంపియన్‌ సంగతే ఇలా ఉంటే కింది డివిజన్‌లో ఏ మూలో ఆడే ఫార్వర్డ్‌ పరిస్థితి ఊహించుకోండి. ఐటీలో బెంచ్‌ మీదున్నా నెలాఖరుకు ఎస్సెమ్మెస్‌ వస్తుంది.

కాబట్టి ట్రయల్స్‌లో ఎంపికైతే జెర్సీతో ఫొటో దిగే ముందు కాంట్రాక్టు చదవండి. ఎన్ని నెలలకు, ఆఫ్‌ సీజన్‌లో జీతం ఉందా, మోకాలు పోతే సర్జరీ ఖర్చు ఎవరిది. ఫిఫా నిబంధనల ప్రకారం రెండు నెలల జీతం ఆపితే, రాతపూర్వకంగా నోటీసిచ్చి కనీసం 15 రోజులు గడువు పెట్టి, అప్పటికీ కట్టకపోతే ఆటగాడు కాంట్రాక్టు రద్దు చేసుకోవచ్చు. నోటిమాట మీద ఆడితే ఈ రక్షణ వాడుకోవడానికి చేతిలో కాగితం ఉండదు.

రెండో దారి మూసేసుకోవద్దు. హబీబ్‌ మూసేశాడు, అతనికి మూడు క్లబ్‌లున్నాయి. కేంద్ర ప్రభుత్వ విభాగాలు ప్రత్యక్ష నియామకాల్లో 5 శాతం వరకు క్రీడాకారులతో నింపుకోవచ్చు. దేశానికో, రాష్ట్రానికో ఆడినవాళ్లే కానక్కర్లేదు, ఇంటర్‌ యూనివర్సిటీ టోర్నీల్లో యూనివర్సిటీ తరఫున ఆడినవాళ్లకూ అవకాశం ఉంది. రైల్వే లాంటి చోట్ల షరతులు ఇంకా గట్టిగా ఉంటాయి కాబట్టి నోటిఫికేషన్‌ పూర్తిగా చదవండి. యూనివర్సిటీ ఆటగాళ్లకు కావాల్సింది ఫారం-3. దాని మీద యూనివర్సిటీ స్పోర్ట్స్‌ డీన్‌ లేదా అక్కడి స్పోర్ట్స్‌ ఇన్‌ఛార్జి సంతకం పడాలి. పాసై వెళ్లిపోయాక ఆ సంతకం కోసం ఆఫీసు చుట్టూ తిరగడం పెద్ద తలనొప్పి. టోర్నీ నుంచి వచ్చిన వారంలోనే తీసుకుని, స్కాన్‌ చేసి, మార్కుల మెమోల పక్కనే పెట్టుకోండి.