ఆజ్ఞ యెవరిది? విషాదరూపకములందలి రాణులు, దాంపత్యాధికారము

సికిందరాబాదు కళాశాలలలో ఆంగ్లసాహిత్యము నభ్యసించు విద్యార్థి మాక్బెత్ నాటకమును, తెలుగు నభ్యసించు విద్యార్థి సారంగధర కథను వేర్వేరు గదులలో చదువుచుందురు. గోడకు ఆవలివాడు లేడీ మాక్బెత్తును గూర్చి వ్రాసిన సమాధానమును, ఈవలివాడు చిత్రాంగిని గూర్చి వ్రాసిన సమాధానమును ప్రక్కప్రక్కన నుంచి చూచినచో, రెంటియందును తరచుగా ఒకే తీర్పు కానవచ్చును: స్త్రీ దురాశ వలన రాజు చెడెను. ఈ తీర్పు పూర్తిగ అసత్యమని మేమనము. కాని అందొక ప్రశ్న దాగియున్నది. ఆ దారుణకార్యమునకు ఆజ్ఞ యిచ్చినవా రెవరు? ఆ ఆజ్ఞను చెల్లించు అధికార మెవరిది? ఈ ప్రశ్న వేయక పాత్రనిర్ణయము చేయుట విచారణ లేకయే శిక్ష విధించుట వంటిది. సారంగధర కథలో రాజు చేసినదియు సరిగ అదియే.

ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు (1853–1912) బళ్లారిలో న్యాయవాదవృత్తి యందుండి, సరసవినోదినీ సభ కొరకు నాటకములు రచించి, ఆంధ్రనాటకపితామహులని ప్రసిద్ధి గాంచిరి. బళ్లారియు మన సికిందరాబాదు వలెనే ఆంగ్లేయుల దండు విడిసిన పట్టణము; తెలుగు, కన్నడము, ఉర్దూ ఒకే వీథిలో వినవచ్చు చోటు. పాశ్చాత్యనాటకపద్ధతి తెలుగు రంగస్థలమునకు అట్టి చోటు నుండి నడచివచ్చుటలో ఆశ్చర్యము లేదు. ఆచార్యులవారి 'విషాదసారంగధరము' తెలుగున తొలి విషాదాంతరూపకముగ పరిగణింపబడుచున్నది.

కథ తెలియనివా రరుదు. రాజరాజనరేంద్రుని కుమారుడైన సారంగధరుని పావురము సవతితల్లి చిత్రాంగి మేడపై వ్రాలును. దానికై అతడచటి కేగును. ఆమె అతనిని వలచును. అతడు తల్లివని మ్రొక్కి తప్పుకొనును. రాజు తిరిగివచ్చిన పిమ్మట ఆమె నేరమును తారుమారు చేసి చెప్పును. కాలుసేతులు నరుకుడని రాజాజ్ఞ వెలువడును. రాజమహేంద్రవరమున నేటికిని సారంగధరమెట్ట యనుపేర ఒక గుట్ట కలదు. చరిత్ర చెప్పని కథను అచటి నేల చెప్పుచున్నది.

రంగస్థలమున ప్రచారమందిన కథలో మరియొక అంశము కలదు. చిత్రాంగి తొలుత సారంగధరుని కొరకు చూడబడిన కన్య. ఆమె రూపమునకు లోబడి తండ్రియే ఆమెను పెండ్లాడెను. కథారూపము లన్నిట ఈ అంశ మొకే తీరున లేదు. ఉన్నచోట మాత్రము నాటకము బరువు మారిపోవును. వావివరుసలను మొట్టమొదట కలచినవాడు రాజు. కొడుకు భార్య కావలసినదానిని వానికి తల్లిని చేసినవాడతడు. అతని కోరికకు వివాహమంత్రములు అండగ నిలిచినవి; ఆమె కోరికకు ఏ శాస్త్రమును అండ లేదు. ఆమె చేసినది నేరమే. అబద్ధ మాడినది, ఒక నిర్దోషి ప్రాణములకు ముప్పు తెచ్చినది. ఇరువురి కోరికలు ఒకే జాతివైనను, వాని ఫలితములు వేరగుట అధికారభేదము వలననే యని మా యభిప్రాయము.

ఇచట గురజాడ అప్పారావుగారు జ్ఞప్తికి వచ్చుచున్నారు. వారు యౌవనమున, 1883లో, ఈ కథనే ఆంగ్లమున కావ్యముగ వ్రాసిరి. 1892లో ప్రదర్శితమైన 'కన్యాశుల్కము'లో వృద్ధుడు బాలికను పెండ్లాడబూనుటను నవ్వులపాలు చేసిరి. లుబ్ధావధానులను చూచి నవ్విన ప్రేక్షకుడే రాజరాజును చూచి కన్నీరు కార్చుట విచిత్రము. కిరీటముండిన మాత్రమున వయసు తగ్గునా?

రాజు చిత్రాంగి మాటను నమ్ముటయు పరిశీలింపదగినది. ఆమెకు అతనిపై గల పట్టునకు అది నిదర్శనమని సామాన్యముగ చెప్పుదురు. మాకట్లు తోచదు. ఆమె అతనిని కదలించినది తన స్వతంత్రశక్తితో కాదు. అతని సొత్తునకు భంగము కలిగినదను మాటతో. భార్యగ ఆమెకున్న బలమంతయు భర్త అభిమానమును రేపుటలో నున్నది. ఒక న్యాయవాది వ్రాసిన నాటకమున సాక్షివిచారణ లేని తీర్పు విషాదమునకు మూలమగుట కాకతాళీయము కాకపోవచ్చును.

ఈ కథ చాల ప్రాచీనమైన కుటుంబమునకు చెందినది. బౌద్ధుల 'దివ్యావదానము'లోని కునాలుని వృత్తాంతము దీనికి అక్కవంటిది. అశోకుని రాణి తిష్యరక్షిత సవతికొడుకు కునాలుని వలచి భంగపడును. అటుపిమ్మట రాజు వ్యాధిని మాన్పి, ప్రతిఫలముగ ఏడుదినముల రాజ్యాధికారమును వరముగ కోరును. ఆ గడువులో రాజముద్రతో తక్షశిలకు శాసనము పంపి కునాలుని కన్నులు పెరికించును. ఆ ముద్ర గుర్తుంచుకొనదగినది. తిష్యరక్షిత కావలసినదంతయు చేయగలదు, కాని తన పేరుతో చేయలేదు. ఏడుదినములు గడిచిన పిదప ఆమె మరల భార్యయే, శిక్షింపబడునది భార్యయే. గ్రీకుకవి యూరిపిడీసు 'హిప్పోలిటస్' (క్రీ.పూ. 428) నందును తీరు ఇట్టిదే. ఫీడ్రా ఉరిపోసుకొనుచు నిందను పలకపై వ్రాసి విడుచును. శాపమిచ్చువాడు భర్త థీసియసు, అదియు సముద్రదేవుడు తనకిచ్చిన వరముతో. ముద్ర, పలక, మాట: సాధనములు మారినను, వానిని అమలుపరచు చేయి భర్తదే.

ఇక మాక్బెత్తు. కథానాయకుని భార్యకు షేక్స్పియరు పేరుపెట్టలేదు. చరిత్రలో ఆమెకు గ్రుఓఖ్ అను పేరున్నది. ఆమెయే రాజవంశపు బిడ్డ. లాఖ్ లీవెన్ మఠవాసులకు మాక్బెత్తుతో కలసి ఆమె చేసిన భూదానము దానపత్రమున నమోదైయున్నది. శాసనమున పేరున్న రాణి నాటకమున పేరు లేనిదయ్యెను. మరియొక వింత: స్కాట్లండున మాక్బెత్తు ఏలినది 1040 నుండి 1057 వరకు, వేంగిలో రాజరాజనరేంద్రుని పాలన 1022లో మొదలై 1061 వరకు సాగెను. ఇరువురును సమకాలికులు. నన్నయభట్టారకునిచే భారతమును తెనిగింపజేసిన రాజు, రాజేంద్రచోళుని కుమార్తె అమ్మంగదేవి భర్త, కులోత్తుంగచోళుని తండ్రి, రంగస్థలమున కన్నకొడుకు చేతులు నరికించినవాడై నిలిచెను. గౌరన 'నవనాథచరిత్ర'లో ఈ కథ వేంగి చాళుక్యులది కాదు. తరువాతి కవులచే అది రాజమహేంద్రవరమునకు చేరెను. నాటకము రాజులకును అపకీర్తి తేగలదు. అయినను సామెతగ మిగులునది చిత్రాంగి పేరే.

లేడీ మాక్బెత్తు తొలి ప్రవేశమున భర్త లేఖను చదువును. అతడు ఆమెను తన ఘనతలో పాలుపంచుకొనుదానినిగ సంబోధించును. రాజ్యమును కోరుటలో ఆమె అతనికంటె ముందే యున్నది. అతడు వెనుకాడినపుడు అతని పౌరుషమును ప్రశ్నించి ముందునకు నెట్టును. విద్యార్థులందరును ఈ ఘట్టమునే ఉదాహరింతురు. మేము మూడవ అంకమును చదువుడని కోరుచున్నాము. బాంకోను చంపింప నిశ్చయించినపుడు మాక్బెత్తు ఆమెకా సంగతి చెప్పడు. తెలియకుండుటయే మేలని ముద్దుమాటతో దాటవేయును. విందుఘట్టమున ఆమె అతని వెర్రిని కప్పిపుచ్చుటకు చేసిన యత్నము తరువాత, అయిదవ అంకము వరకు రంగమునకే రాదు. రాజ్యము చేజిక్కువరకు భాగస్వామిని, చేజిక్కిన పిదప అంతఃపురస్త్రీ. మాక్డఫ్ భార్యాపుత్రులను చంపించుటలో ఆమె పాలు లేదు. అయినను నిద్రలో నడచుచు ఆ యిల్లాలిని తలచుకొనునది ఆమెయే. ఆమె పక్కన ఎల్లప్పుడు దీపముండవలెనని ఆమెయే ఆజ్ఞాపించినట్లు పరిచారిక వైద్యునితో చెప్పును. స్కాట్లండు రాణి ఆజ్ఞలలో చివరకు మనకు వినవచ్చున దది యొక్కటి.

కైకేయిని గూర్చి ఇచట క్లుప్తముగ చెప్పి విడుచుచున్నాము. పానుగంటివారి 'పాదుకాపట్టాభిషేకము' మొదలు ఎన్ని నాటకములు ఆమెను రంగమునకు తెచ్చినను, రెండు వరములనే చెప్పుదురు. వివాహసమయమున దశరథుడు రాజ్యమును శుల్కముగ ఒప్పుకొనెనను మాట వాల్మీకి అయోధ్యాకాండమున శ్రీరాముని నోటనే ఉన్నది. దానిని రంగమునకు తెచ్చినచో కైకేయి అడిగినది పెండ్లినాటి ఒప్పందమగును. నాటకకర్తలు దానిని సాధారణముగ విడిచివేయుట దశరథునిపై దయచే కావచ్చును.

వీరందరికిని భిన్నముగ పలనాటి నాయకురాలు నాగమ్మ కలదు. ఆమెకు భర్త ఆశ్రయము లేదు. నలగామరాజు కొలువున మంత్రిపదవినే సాధించి, తన పేరుతో తాను ఆజ్ఞలిచ్చినది. ఆమెను నిందించువారు కూడ ఆమెను రాజనీతిజ్ఞురాలనియే నిందింతురు. బ్రహ్మనాయునితో సమానస్థానమున నిలిపి తూచుదురు. 1957 నాటి 'సారంగధర' చిత్రమున చిత్రాంగియు, 1966 నాటి 'పల్నాటియుద్ధము' చిత్రమున నాగమ్మయు ఒక్క భానుమతిగారే. ఆ రెండు పాత్రలను వరుసగ చూచినవారికి, అరువు తెచ్చుకొన్న అధికారమునకును సొంత అధికారమునకును గల భేదము కంటికి కట్టినట్లు తెలియును.

విషాదాంతము విషయమై ఒక మాట. నాటకమును శుభాంతముగ ముగింపవలెనను భారతీయసంప్రదాయమును మీరినందులకు ఆచార్యులవారు విమర్శకు గురియైరి. పూర్వకథలలో సిద్ధుని మహిమచే సారంగధరుని అవయవములు తిరిగి మొలచును. ఆ ముగింపు మనసుకు హాయినిచ్చునది గాని, దానివలన రాజు చేసిన పని చేయనట్లే యగును. కాలుసేతులు మరల వచ్చినపుడు ఆజ్ఞ ఎవరిదను ప్రశ్నకు అవసరము లేదు. మిగిలినది చిత్రాంగి దోష మొక్కటే. విషాదాంతమున నష్టము పూడదు. కొడుకును పోగొట్టుకొన్న తండ్రి తన నోటినుండి వెడలిన మాటను తానే వినవలసివచ్చును. విషాదరూపకము ఈ కథకు చేసిన మేలిది. కేవలము పాశ్చాత్యానుకరణమని దీనిని త్రోసివేయుట తగదు.

ఈ పాత్రలు చిరకాలము పురుషులచే అభినయింపబడినవను సంగతియు మరువరాదు. స్థానము నరసింహారావుగారు (1902–1971) చిత్రాంగిగ గడించిన కీర్తి సామాన్యము కాదు. పురుషుడు తన ఊహలోని స్త్రీకి హావభావములు దిద్దునపుడు, ఆమె వలపు ముందునకు వచ్చి ఆమె ఫిర్యాదు వెనుకకు పోవు అవకాశము కలదు. 1885 నుండి సురభి కుటుంబములలో స్త్రీలు తామే రంగమెక్కిరి. భార్యాభర్తలు, తల్లీకొడుకులు ఒకే నాటకమున వేషములు కట్టిరి. అట్టి రంగమున రాణి రాజుతో పలుకు మాటకు ఏ స్వరము వచ్చెనో పరిశోధింపదగినది.

గౌరన ద్విపద, తంజావూరి చేమకూర వేంకటకవి 'సారంగధరచరిత్ర', ధర్మవరమువారి నాటకము, 1957 నాటి చలనచిత్రము — ఈ నాలుగింటను రాజాజ్ఞ వెలువడు ఘట్టము నొక్కదానిని తీసికొని, ఆజ్ఞకు ముందు రాజు ఎవరిని ఏమి అడిగెనో, చిత్రాంగికి మాటలాడుటకు ఎంత చోటిచ్చిరో, ఆజ్ఞ అనంతరము ఆమె ఎచటికి పోయెనో వరుసగ పోల్చి చూచినచో, ఒక సిద్ధాంతవ్యాసమునకు చాలినంత సామగ్రి లభించును.