‘బాలక్రీడావిశేషము’: హయత్‌నగరు సీమ యాటవస్తువులు

ప్రాచీనకావ్యములందలి యాటల పేళ్ళకు అర్థము వెదకుచు నిఘంటువు విప్పినవారికి తఱచుగా దొరకు సమాధానము ‘బాలక్రీడావిశేషము’ అను నొక్కమాట. 1885లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరమునందు ఇట్టి పదములు పెక్కు గలవు. అయ్యలరాజు నారాయణామాత్యుడు హంసవింశతియందు బాలుర యాటల పేళ్ళను బారులుదీర్చి చెప్పినాడు. వానిలో కొన్ని యెట్లాడుదురో నేడు వివరింపగలవారు అరుదు. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో ఈ లోటును గూర్చి వగచిరి. దోషమెల్ల నిఘంటుకారులదే యనరాదు. ఊరివారందఱెఱిగిన యాటను వర్ణింపనేల యని కవి పేరు మాత్రము చెప్పి సాగిపోయెను. కవి విడిచినదానిని కోశకర్త యెక్కడనుండి తెచ్చును?

అదే గతి యిపుడు మఱికొన్ని పదములకు పట్టనున్నది. ఇవి కావ్యములలోని పదములు కావు. డెబ్బది యేండ్లు దాటినవారి నోళ్ళలో నింకను మిగిలియున్నవి. పరీక్షకు హయత్‌నగరు సీమ యనుకూలమైనది. గోలకొండ సుల్తాను మహమ్మదు కులీ కుతుబుషాహి కూతురును, అబ్దుల్లా కుతుబుషాహి తల్లియు నగు హయాత్ బక్షీ బేగము పేర వెలసిన యూరిది. ఆమె పేరి మసీదును, దాని చెంత ‘హాథీ బావ్‌డీ’ యను పెద్దబావియు నిప్పటికి నున్నవి. చుట్టును మెట్టపంటల చెలకలు, తాటివనములు, చెఱువులు. పడమట హైదరాబాదు నగరము. పొలమునందలి తెలుగును నగరపు ఉర్దూయు నిచ్చట నొకే వీథిలో కలసికొనినవి. ఇపుడు ఊరే నగరములో కలసినది. 2018లో దిల్‌సుఖ్‌నగరు మీదుగా ఎల్.బి. నగరు వఱకు మెట్రో రైలు వచ్చినది. చెలకలు ఇండ్లస్థలములైనవి.

ఈ సీమ యాటవస్తువులలో మొదట చెప్పదగినది జొన్నబెండ్ల బండి. కంకులు కోసినపిదప ఎండిన చొప్పను పశువులకై వామి వేయుదురు. పిల్లలు వామినుండి లావైన దంట్లు ఏఱి, పైపట్టను గోళ్ళతోను పండ్లతోను ఒలిచెదరు. పట్టయంచు కత్తివలె వాడియైనది. పెదవి కోసికొనని పిల్లవాడు లేడు. లోపల దొరకు తెల్లని తేలికపదార్థమే బెండు. బెండును ముక్కలుగా విఱిచి, ఒలిచిన పట్టను సన్నని పుల్లలుగా చీల్చి, ఆ పుల్లలనే మేకులుగా గ్రుచ్చి ముక్కలను కూర్తురు. జిగురు లేదు, దారము లేదు, ఇనుపమేకు లేదు. ఒక్క దంటే బండికి కలపయు, మేకులును అగుచున్నది. రెండు నొగలు, కాడి, ఇరుసు, చక్రములకు సీలలు—అన్నియు నమరవలెను. ఏదైన నొకటి మఱచినచో తోడివారు నవ్వుదురు. ఆఱేడేండ్ల బాలుడు బండి యవయవముల పేళ్ళన్నియు బడికి పోకముందే యిట్లు నేర్చెను. మిగిలిన బెండుతో కండ్లద్దములు చేసి చెవులకు తగిలించుకొని పెద్దమనుష్యుడగుట మఱియొక వేడుక.

కావ్యములలో ‘బెండువడు’ అను క్రియ గలదు. డస్సిపోవుట, సారము తొలగుట యని యర్థము చెప్పుదురు. బెండును చేతబట్టి నొక్కినవానికి ఆ యర్థమును వేఱుగ చెప్పనక్కఱలేదు. నేటి తరగతిలో పండితులకు ఆ సౌకర్యము లేదు. 1964లో విడుదలయైన ‘సి.ఎస్.హెచ్.1’ మొదలుగా వచ్చిన సంకరజాతి జొన్నలు పొట్టివి. వెనుకటి నాటుజొన్న నిలువెత్తును మించి పెరిగెడిది. పిదప జొన్నచేనే తగ్గినది. మెట్టసేద్యమునకై 1985లో నేర్పడిన కేంద్రపరిశోధనసంస్థ క్షేత్రమొకటి హయత్‌నగరుననే యున్నది గాని, అచ్చటి చొప్ప పిల్లల చేతికి వచ్చునది కాదు గదా.

తాటిచెట్టు వేసవికి బండి నిచ్చును. ముంజలు తినివేసిన కాయలు రెంటిని పుల్ల కిరువైపుల గ్రుచ్చి, నడుమ పంగలకఱ్ఱ నానించి త్రోసికొని పోవుట ముంజకాయల బండి. దీనికి పనితనము తక్కువ, వేగ మెక్కువ. తాటాకుముక్కలను అడ్డముగ మడచి తుమ్మముల్లుతో గ్రుచ్చిన గాలిగిరక చేతబట్టి పరుగెత్తినంతసేపే తిరుగును.

ఎఱ్ఱచెలకల మన్ను బొమ్మలకు పనికిరాదు, పగిలిపోవును. అందుకై చెఱువుకడుపులోని నల్లని జిగటమన్ను తెచ్చి యెడ్లను, బండ్లను, రోళ్ళను, పొయ్యిలను చేసి నీడ నాఱబెట్టుదురు. ఏరువాక పున్నమనాడు మట్టియెడ్లకు పూజ జరుగును గాన ఆటకును వ్రతమునకును ఇచ్చట ఎల్ల గీయుట కష్టము. భాద్రపదమున ఆడపిల్లలు మన్నుతో అంతస్తులుగ పేర్చి పూలు నిలిపి యాడు బొడ్డెమ్మయు నట్టిదే.

పదచరిత్ర కోరువారు ఆగి చూడవలసినది ఉండేలు. ఇది ‘ఉండ’యు ‘విల్లు’ను గలసి యేర్పడిన మాట. నిజమునకది విల్లే. జంటనారులు గట్టి, నడుమ గుడ్డపట్టీనో తోలుపట్టీనో కుట్టి, బాణమునకు మాఱు ఎండిన మట్టియుండను అందుంచి విడుచువారు. పారసీకమునుండి ఉర్దూలోనికి వచ్చిన ‘గులేల్’ పదమునకును తొలియర్థ మిదియే. 1839లో అమెరికావాడు గుడ్‌ఇయర్ రబ్బరును గంధకముతో కాచి గట్టిపఱచు విధము కనుగొనెను. తరువాత సైకిలు వచ్చెను. చినిగిన ట్యూబు పిల్లలపాలయ్యెను. పంగలకఱ్ఱకు ట్యూబుపేలికలు రెండు కట్టి, తోలుముక్క తగిలించి, ఱాయి విసరు క్రొత్తసాధనము పుట్టినది. వింత యేమనగా, తెలుగున ఉండేలు, ఉర్దూలో గులేల్ అను రెండు పాతపేళ్ళును ఈ క్రొత్తవస్తువునకే సంక్రమించినవి. విల్లు మాయమైనది, ఉండ మాయమైనది, పేరు నిలిచినది. కావున ప్రాచీనగ్రంథమున ఉండేలను చదివి బాలుడు రబ్బరుకొక్కెమును ఊహించినచో, దానిని సవరించుట ఉపాధ్యాయుని విధి. దీనిని ఒడిసెలతో కలుపరాదు. ఒడిసెల పేనిన త్రాటిది. మంచెపై నిలిచి తలచుట్టు త్రిప్పి పిట్టలపై ఱాళ్ళు విసరు కాపలావాని పనిముట్టు. అది సెలవుదినములలో పిల్లలచేతికి వచ్చెడిది.

హయత్‌నగరు పిల్లవాడు ఉండేలనడు, ‘గులేరు’ అనును. ఇచ్చటనే యీ సీమ పదములందలి క్రమము బయటపడుచున్నది. పొలములోని కలపతో ఇంటనే చేసికొన్న బెండ్లబండి, ముంజకాయలబండి, గాలిగిరక మొదలగువాని పేళ్ళు తెలుగు. నగరపు అంగడినుండి వచ్చిన పతంగి, మాంజా, చరఖా మొదలగువాని పేళ్ళు ఉర్దూ. తీరాంధ్రమునందలి గాలిపట మిచ్చట వాడుకలో లేదు. గులేరు చేతిపనియే యైనను దానికి ప్రాణమగు రబ్బరు సైకిలు దుకాణముది గాన పేరును ఆ త్రోవనే వచ్చినట్లు తోచుచున్నది. రెండు భాషలకు నడుమ నిలిచినది కఱ్ఱయాట. రెండుకొనల చెక్కిన చిన్నముక్క చిర్ర, కొట్టెడి కఱ్ఱ గోనె, ఆట చిర్రగోనె. ఆ రెంటినే వీథిలో ఉర్దూ మాటాడు చెలికాండ్రతో గిల్లీ యనియు దండా యనియు నందురు. కృష్ణాగోదావరి మండలములవారికి ఇదియే బిళ్ళంగోడు, గూటీబిళ్ళ. అర్థము తెలియని పాతపేరును ఇట్టి ప్రాంతభేదములతో సరిచూచినచో కొన్నియైనను విడివడును. గ్రంథములలోని అచ్చనగండ్లు తెలంగాణమున కచ్చకాయలు. గచ్చపొదయొక్క గుండ్రని బూడిదవన్నె గింజలతో ఆడుటచేత వచ్చిన పేరిది. ఇచ్చట పేరే ఆటవస్తువును చూపుచున్నది.

దీనికి విపర్యయముగ, వస్తువు చెక్కుచెదరక పేరు మాఱినదియు గలదు. పోతన భాగవతమున రుక్మిణి బాల్యమును వర్ణించుచు బొమ్మల పెండ్లిండ్లను, గుజ్జనగూళ్ళను చెప్పెను. ఆ పదమునకు పీఠికలలో వివరణము వ్రాయుదురు. హయత్‌నగరు పాతయూరి వాకిళ్ళలో దానిపేరు బువ్వలాట. కొబ్బరిచిప్ప కుండ, ఇసుక బియ్యము, త్రుంచిన యాకు కూర, ఇటుకపొడి కారము. వండినది విస్తరులలో పెట్టి, తిన్నట్లు చేయి నోటికడకు తెచ్చి, కారమెక్కువైనదని మందలించుట వఱకు నంతయు నున్నది.