ఇంటి ఉష్ణోగ్రతకు కావలి

ఇస్త్రీపెట్టె బాగా కాగగానే దానిమీది చిన్నదీపం ఆరిపోతుంది; కొంత చల్లారగానే తిరిగి వెలుగుతుంది. ఎవరూ మీట నొక్కకుండానే ఈ పని జరగడానికి కారణం దానిలో ఉండే థర్మోస్టాట్. ఇత్తడి, ఇనుము వంటి రెండు లోహాల రేకులను ఒకదానికొకటి అతికించిన పట్టీ పాత థర్మోస్టాట్లకు ఆధారం. వేడికి ఇత్తడి ఇనుముకంటె ఎక్కువగా వ్యాకోచిస్తుంది. అప్పుడు పట్టీ వంగి విద్యుత్ వలయం తెగిపోతుంది. చల్లారినప్పుడు పట్టీ యథాస్థితికి వచ్చి వలయాన్ని కలుపుతుంది. నిర్ణయించిన ఉష్ణోగ్రతను నిలిపి ఉంచడమే థర్మోస్టాట్ ధర్మం.

ఈ సాధనం గదులలోకి ప్రవేశించడానికి ఒక ఉపాధ్యాయుని అనుభవం తోడ్పడింది. 19వ శతాబ్దంలో వారెన్ జాన్సన్ అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో బోధకుడుగా ఉండేవాడు. అక్కడి చలికాలం కఠినమైనది. విద్యాలయ సేవకుడు తరగతి గదులలోకి వచ్చి ఉష్ణమాపకాన్ని చూసి, నేలమాళిగలోని కొలిమి వద్దకు వెళ్లి వేడిని సరిచేసేవాడు. పాఠానికి కలిగే ఈ అంతరాయాన్ని తొలగించదలచి, జాన్సన్ గది ఉష్ణోగ్రతను గంట ద్వారా కొలిమి వద్ద తెలియజేసే విద్యుత్ సాధనాన్ని రూపొందించాడు. దానికి 1883లో పేటెంటు లభించింది.

గంట విని కొలిమిని సరిచేయవలసినవాడు మాత్రం మనిషే. నేటి స్మార్ట్ థర్మోస్టాట్ ఆ పనిని కూడ తానే నిర్వహిస్తుంది. అందులో లోహపు పట్టీకి బదులు ఉష్ణోగ్రతను బట్టి విద్యుత్ నిరోధం మారే థర్మిస్టర్, ఒక చిన్న కంప్యూటరు ఉంటాయి. వైఫై ద్వారా ఇంటి యజమాని ఫోనుతో దానికి సంబంధం ఏర్పడుతుంది.

అమెరికా ఇళ్లలో దీనిని అమర్చేటప్పుడు మొదట విద్యుత్ సరఫరాను నిలిపివేయాలి. పాత సాధనాన్ని విప్పేముందు ఏ తీగ ఏ అక్షరం వద్ద ఉన్నదో ఫోటో తీసుకోవాలి. ఈ తీగలలో సాధారణంగా 24 వోల్టుల విద్యుత్తు ప్రవహిస్తుంది. అంతకుమించిన వోల్టేజి ఉన్నచోట ఈ సాధనాన్ని కలపరాదు. ఎండపడే గోడ, కిటికీ పక్క, వంటపొయ్యి సమీపం దీనికి తగిన స్థలాలు కావు. తన చుట్టూ ఉన్న గాలినే అది ఇల్లంతా అనుకొంటుంది. ఎండ తగిలితే ఇల్లు వెచ్చగా ఉన్నదని భ్రమపడి, లోపలివారు చలికి వణుకుతున్నా కొలిమిని ఆపివేస్తుంది.

ఇంటివారు నిద్రించే, బయటకు వెళ్లే వేళలను దానికి తెలియజేయాలి. రోజుకు 8 గంటలపాటు ఉష్ణోగ్రతను 4 లేక 5 డిగ్రీల సెల్సియస్ మేరకు సడలిస్తే సాలీనా ఖర్చులో 10 శాతం వరకు ఆదా కావచ్చునని ఆ దేశపు ఇంధనశాఖ అంచనా. గది త్వరగా వెచ్చబడాలని 22కు బదులు 30 డిగ్రీలు పెట్టడం పొరపాటు. సాధారణమైన కొలిమి ఏ అంకె పెట్టినా ఒకే వేగంతో వేడినిస్తుంది. ఆ అంకె అది ఎప్పుడు ఆగాలో మాత్రమే చెబుతుంది.

ఈ సూత్రం మన ఇళ్లలోని ఏసీలకూ సంబంధించినదే. భారత ప్రభుత్వం 2020 జనవరి 1 నుంచి స్టార్ గుర్తు గల గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల వద్ద మొదలుకావాలని నిర్దేశించింది. దానిని మార్చుకొనే స్వేచ్ఛ వినియోగదారునిదే.

కొన్ని స్మార్ట్ థర్మోస్టాట్లు కదలిక లేకపోతే ఇల్లు ఖాళీగా ఉన్నదని భావించి వేడిని తగ్గిస్తాయి. మంచం దిగలేని వృద్ధులు లోపల ఉన్న సంగతి యంత్రానికి తెలియకపోవచ్చు. అటువంటి ఇంటిలో ఆ సదుపాయాన్ని నిలిపివేయడమే వివేకం. ఉష్ణోగ్రతను కొలవడం యంత్రం పని. ఇంటిలో ఎవరికి ఎంత వెచ్చదనం కావాలో ఎరిగి నిర్ణయించడం మనిషి బాధ్యత.