పసుపు బస్తాల కిరాయిలో సరళరేఖ

జక్రాన్‌పల్లి నుంచి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పసుపు తీసుకెళ్లే బండి కిరాయి 800 రూపాయలు, హమాలీ ఖర్చు బస్తాకు 30 రూపాయలు అనుకుంటే, ఎక్స్ బస్తాలకు మొత్తం ఖర్చు వై = 30 ఎక్స్ + 800. ఇదే రేఖీయ సమీకరణం. 10 బస్తాలకు 1,100, 20 బస్తాలకు 1,400. గ్రాఫు కాగితంపై ఈ బిందువులన్నీ ఒకే గీత మీద పడతాయి. గీత వాలు 30. ప్రతి ఎక్స్‌కూ ఒక్కటే వై వస్తుంది కనుక ఇది ప్రమేయం కూడా.

1,700 రూపాయలతో ఎన్ని బస్తాలు పంపవచ్చు? 1,700 = 30 ఎక్స్ + 800లో రెండు వైపులా 800 తీసేస్తే ఎడమవైపు 900, దాన్ని 30తో భాగిస్తే 30 బస్తాలు. పిల్లలు ఇక్కడ తడబడవచ్చు. పక్షం మారితే గుర్తు మారుతుందని బట్టీ పట్టించే ముందు, ఆ 800 ఎందుకు తీసేయాలో ఉపాధ్యాయులు చూపించాలి.