కరెంటు పోయినప్పుడు నీరెక్కడికి? – ఇంటి ఆక్వేరియానికి సంపు, పైపుల రూపకల్పన

అలంకరణ చేపల పెంపకంలో రకాల ఎంపికకు, మేతకు, వెలుతురుకు ఇచ్చే ప్రాధాన్యం నీటి పైపుల అమరికకు సాధారణంగా లభించదు. తొట్టె కింద సంపు అమర్చినప్పుడు ఈ అశ్రద్ధకు చెల్లించే మూల్యం ఎక్కువ. పంపు నడుస్తున్నంతసేపు లోపం బయటపడదు. విద్యుత్ సరఫరా ఆగిన కొద్ది నిమిషాల్లోనే పై తొట్టెలోని నీరు కిందికి దిగి, సంపు నిండి, గది నేలపై పారుతుంది. సరఫరా తిరిగి వచ్చేసరికి నీరు చాలక పంపు గాలి పీలుస్తూ కాలిపోవచ్చు. కాబట్టి సంపు పరిమాణాన్ని, పైపుల ఎత్తును పంపు నడిచే స్థితిని బట్టి కాక, పంపు ఆగిన స్థితిని బట్టి నిర్ణయించాలి. ఈ సూత్రాన్ని ఒక నమూనా తొట్టె లెక్కతో ఈ వ్యాసం వివరిస్తుంది.

సంపు పనిచేసే విధానం

చెరువులో నీరు నిర్ణీత మట్టం మించగానే అలుగు మీదుగా పొర్లిపోయినట్లే, ఆక్వేరియంలో పైపొర నీరు గాజు అలుగు దాటి మూలనున్న అలుగు పెట్టెలో పడుతుంది. అక్కడి నుంచి దిగుడు పైపు ద్వారా సంపులోకి చేరుతుంది. సంపులో మూడు గదులుంటాయి. మొదటి గదిలోని స్పాంజి లేదా వడపోత సంచి మలినాలను ఆపుతుంది. రెండవ గదిలోని సిరామిక్ రింగులపై పెరిగే బాక్టీరియా అమ్మోనియాను నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మారుస్తుంది. మూడవ గదిలోని పంపు ఈ నీటిని డెలివరీ పైపు ద్వారా తొట్టెకు తిరిగి పంపుతుంది.

నమూనా లెక్క

లోపలి కొలతలు 120 × 45 × 45 సెం.మీ. గల తొట్టెను తీసుకుందాం. దీనిలో 1 సెం.మీ. మందం నీరు 5.4 లీటర్లు. నీటి మట్టం 41 సెం.మీ. అయితే నీరు సుమారు 221 లీటర్లు. సంపు కొలతలు 75 × 35 × 40 సెం.మీ. దీనిలో మొదటి రెండు గదులు కలిపి 55 సెం.మీ. పొడవు, నీటి లోతు 25 సెం.మీ.; పంపు గది 20 సెం.మీ. పొడవు, నీటి లోతు 20 సెం.మీ. పంపు నడుస్తున్నప్పుడు సంపులో ఉండే నీరు సుమారు 62 లీటర్లు. అంటే మొత్తం నీరు నాలుగో వంతుకు పైగా పెరిగి, చేపల విసర్జితాల గాఢత ఆ మేరకు తగ్గుతుంది. సంపులో ఖాళీగా మిగిలే చోటు సుమారు 43 లీటర్లు. ఈ ఖాళీయే ఇంటి నేలకు రక్షణ.

పంపు ఆగగానే అలుగు అంచు వరకు నీరు పొర్లుతుంది. డెలివరీ పైపు కూడా సైఫన్‌గా మారి, పైపు మూతి గాలిని అందుకునే వరకు నీటిని వెనక్కి లాగుతుంది. మూతి నీటి మట్టానికి 3 సెం.మీ. దిగువన ఉంటే దిగే నీరు 16.2 లీటర్లు. అలుగు పెట్టె, పైపులలోని నీటికి 5 లీటర్లు కలిపితే సుమారు 21 లీటర్లు. సంపు దానిని సులభంగా ఇముడ్చుకుంటుంది. అదే మూతిని 15 సెం.మీ. లోతున పెడితే 81 లీటర్లకు ఆ 5 కలిసి 86 లీటర్లు దిగుతాయి. అందులో సగం, అంటే 43 లీటర్లు, నేలపాలవుతాయి. తొట్టె, సంపు, పంపు ఏవీ మారలేదు. మారింది 12 సెం.మీ. పైపు మాత్రమే.

వెనక్కి పారకుండా నాన్ రిటర్న్ వాల్వు పెడితే చాలునని కొందరు భావిస్తారు. నాచు, నత్త లేదా ఇసుక రేణువు చిక్కుకుంటే ఆ వాల్వు పూర్తిగా మూసుకోదు. సైఫన్ తెగడానికి పైపుకు చేసే చిన్న రంధ్రం కూడా నాచుతో పూడిపోతుంది. వీటిని అదనపు రక్షణగా వాడవచ్చు. అసలు రక్షణ మాత్రం పైపు మూతి ఎత్తులోనే ఉండాలి.

దిగుడు పైపు మూసుకుపోతే

రెండవ ప్రమాదం దీనికి విరుద్ధమైనది. ఆకు లేదా చేప అడ్డుపడి దిగుడు పైపు మూసుకుపోతే పంపు సంపులోని నీటిని పైకి తోడుతూనే ఉంటుంది. అడ్డు గాజుల వల్ల మొదటి రెండు గదుల నీరు అలాగే నిలిచి, పంపు గది నీరు మాత్రమే పైకి వెళుతుంది. నమూనాలో అది 14 లీటర్లు. తొట్టె పై అంచు వరకు ఉన్న 4 సెం.మీ. ఖాళీలో 21.6 లీటర్లు పడతాయి కనుక నీరు పొర్లదు. పంపు గదిని అవసరానికి మించి పెద్దది చేస్తే ఈ రక్షణ పోతుంది.

అయినా దిగుడు పైపులు రెండు ఉండటం మేలు. మొదటిది వాల్వుతో సర్దుబాటు చేసిన నిండు సైఫన్ పైపు. దీని చివర సంపు నీటిలో 2–3 సెం.మీ. మాత్రమే మునగాలి, ఎక్కువ మునిగితే లోపలి గాలి బయటకు పోక సైఫన్ మొదలవడం కష్టమవుతుంది. రెండవది అత్యవసర పైపు. దీని మూతి అలుగు పెట్టెలోని సాధారణ నీటి మట్టం కంటే కొంచెం ఎత్తులో ఉండాలి. దీనికి వాల్వు ఉండరాదు. పంపు పంపే నీటినంతటినీ ఇది ఒక్కటే దింపగలగాలి. దీని చివరను సంపు నీటికి పైన ఆపితే, నీరు పడే చప్పుడే యజమానికి హెచ్చరిక అవుతుంది.

పంపు ఎంపిక

తొట్టె నీరు గంటకు 4–5 సార్లు సంపు గుండా తిరిగితే సాధారణ మంచినీటి చేపలకు సరిపోతుంది. నమూనాకు గంటకు సుమారు 1000 లీటర్లు అవసరం. అయితే పంపు పెట్టెపై ముద్రించిన సంఖ్య నీటిని ఎత్తవలసిన అవసరం లేనప్పటిది. 75 సెం.మీ. ఎత్తు బల్లపై తొట్టె ఉంటే సంపు నీటి నుంచి తొట్టె నీటికి ఎత్తు దాదాపు 1 మీటరు. ఎల్బోలు, పైపు ఘర్షణ కలిపితే దానిని 1.25 మీటర్లుగా లెక్కించవచ్చు. గరిష్ఠంగా 2.5 మీటర్లు ఎత్తగల 2000 లీటర్ల పంపు ఆ ఎత్తులో సుమారు సగమే అందిస్తుంది. సన్నని పైపు, ఎక్కువ ఎల్బోలు దీనిని మరింత తగ్గిస్తాయి. డెలివరీ పైపు చివర 15 లీటర్ల బకెట్టు పెట్టి చూడాలి. అది 54 సెకన్లలో నిండితే ప్రవాహం గంటకు 1000 లీటర్లు.

ఆవిరి, సామగ్రి, విద్యుత్ భద్రత

ఆవిరి వల్ల తగ్గే మట్టం మొత్తం పంపు గదిలోనే కనబడుతుంది. నమూనాలో ఆ గదిలో 1 సెం.మీ. నీరు 0.7 లీటరు మాత్రమే. వేసవిలో రోజుకు 2 లీటర్లు ఆవిరైతే మట్టం దాదాపు 3 సెం.మీ. పడిపోతుంది, నాలుగైదు రోజులు ఊరికి వెళితే పంపుకు నీరందదు. నీటిని ఎప్పుడూ పంపు నడుస్తుండగానే, గాజుపై గీసిన గుర్తు వరకే కలపాలి. పంపు ఆగినప్పుడు సంపు మట్టం ఎక్కువగా కనిపించడం సహజం. దానిని చూసి నీరు తోడివేయరాదు. కుళాయి నీరైతే క్లోరిన్ తొలగించాకే కలపాలి.

పి.వి.సి. పైపులు, ట్యాంకు నిప్పళ్లు, బాల్ వాల్వులు సురక్షితం. ఇత్తడి వాల్వులు, జి.ఐ. పైపుల నుంచి వెలువడే రాగి, జింకు చేపలకు, ముఖ్యంగా రొయ్యలకు హానికరం. టఫెండ్ గాజుకు రంధ్రం చేయబోతే అది ముక్కలవుతుంది. మామూలు గాజునే ఎంచుకోవాలి. పంపు తీగ సాకెట్టు కంటే కిందికి వేలాడి పైకి వెళ్లేలా అమర్చితే తీగ వెంట జారే నీరు సాకెట్టును చేరదు. ఎర్తింగుతో పాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. తప్పనిసరి.

చేపలను వదిలే ముందు మూడు పరీక్షలు

1. పంపు ఆపి, నీరు దిగడం పూర్తిగా ఆగేవరకు వేచి చూడాలి. సంపు మట్టం పై అంచు కంటే తగినంత కిందే ఉండాలి.

2. ప్రధాన దిగుడు పైపును మూసి, అత్యవసర పైపు ఒక్కటే నీటిని దింపుతున్నదో లేదో చూడాలి. తర్వాత రెండింటినీ మూసి, తొట్టె పొర్లడం లేదని నిర్ధారించుకోవాలి.

3. సరఫరాను పలుమార్లు ఆపి, ఇచ్చి, మనిషి ప్రమేయం లేకుండానే సైఫన్ తిరిగి మొదలవుతున్నదని గమనించాలి.

విస్తరణ సిబ్బందికి సూచన

ఒకే సంపుపై అనేక తొట్టెలు నడిపే అలంకరణ చేపల యూనిట్లకు కూడా ఇదే లెక్క వర్తిస్తుంది. 60 × 30 సెం.మీ. తొట్టెలు పది ఉండి, ఒక్కొక్కదానిలో 3 సెం.మీ. మట్టం పడిపోతే 54 లీటర్లు ఒకేసారి సంపుకు చేరతాయి. నీటితో పాటు వ్యాధులు కూడా తొట్టె నుంచి తొట్టెకు ప్రయాణిస్తాయి. అందువల్ల కొత్త చేపలను ఉంచే క్వారంటైన్ తొట్టెను ఈ వ్యవస్థకు కలపరాదు. సరఫరా ఆగినప్పుడు తొట్టెలో ప్రాణవాయువు తగ్గకుండా బ్యాటరీతో నడిచే గాలి పంపు సిద్ధంగా ఉంచాలి. యూనిట్‌ను పరిశీలించడానికి వెళ్లినప్పుడు చేపలను చూసే ముందు మెయిన్ స్విచ్ ఒకసారి ఆపించి, నీరు ఎక్కడ ఆగుతుందో రైతుతో కలిసి చూడటం మంచిది.