మీకు తెలుసా? నడుం చుట్టూ చేరిన కొవ్వు కూడా ఈస్ట్రోజన్ తయారుచేస్తుంది!

‘మా వంశంలో ఎవరికీ లేదు, నాకెందుకొస్తుంది?’ రొమ్ము క్యాన్సర్ మాటెత్తగానే చాలామంది ఆడవాళ్లు అనే మాట ఇది. నిజానికి తల్లిదండ్రుల నుంచి వచ్చిన జన్యువుల వల్ల కలిగేవి నూటికి అయిదు నుంచి పది మాత్రమే. మిగతావాటిలో చాలావరకు ఈస్ట్రోజన్‌కు సంబంధం ఉంది. ఆడపిల్లను ఆడపిల్లగా ఎదిగించేదీ, ఎముకలకు బలాన్నిచ్చేదీ ఈ హార్మోనే. ఇది శత్రువు కాదు. ఎంత ఉంది, ఎన్నేళ్లు ఉంది అన్నదే లెక్క. ఆ లెక్కలో కొంత మన చేతుల్లోనే ఉంది.

పేరు పెట్టకముందే పట్టేశారు
దూడను ఈనిన ఆవుకు అండాశయాలు తీసేస్తే పాలు చాలాకాలం ఆగవని కొన్ని దేశాల రైతులకు తెలుసు. ఆ సంగతి విన్న స్కాట్లండ్ సర్జన్ జార్జ్ బీట్సన్, రొమ్ముకీ అండాశయాలకీ ఏదో లంకె ఉందని ఊహించారు. క్యాన్సర్ ముదిరిన ఒక మహిళకు అండాశయాలు తొలగిస్తే గడ్డలు కరిగిపోయాయి. ఆ సంగతిని 1896లో ప్రకటించారు. ఆ లంకె పేరు ఈస్ట్రోజన్ అని తేలింది మాత్రం 1920ల్లో!

నెలనెలా ఒక పిలుపు
ప్రతి నెలా ఈస్ట్రోజన్ రొమ్ములోని కణాలను పెరగమని పిలుస్తుంది. కణం రెండుగా చీలే ప్రతిసారీ జన్యువుల నకలులో తప్పు దొర్లే వీలుంటుంది. అందుకే 12 ఏళ్లలోపే రజస్వల అయినవారికి, 55 దాటాక ముట్లుడిగినవారికి ముప్పు కాస్త ఎక్కువ. ఇది మనం మార్చగలిగేది కాదు. కాబట్టి వీళ్లు మిగతా విషయాల్లో ఇంకొంచెం జాగ్రత్తపడాలి.

జాకెట్టు కుట్లు చెప్పే కబురు
ముట్లు ఆగిపోతే ఈస్ట్రోజన్ కూడా ఆగిపోతుందనుకుంటాం. ఆగదు. ఒంట్లోని కొవ్వులో ఉండే అరోమటేజ్ అనే ఎంజైమ్ వేరే హార్మోన్లను ఈస్ట్రోజన్‌గా మారుస్తుంది. కొవ్వు పెరిగేకొద్దీ ఈ తయారీ కూడా పెరుగుతుంది. యాభై దాటాక ఏటా జాకెట్టు కుట్లు విప్పుకోవాల్సి వస్తోందా? లంగా బొందు ముడి చివరకంటా జరుగుతోందా? బరువు తూచే మిషన్ కన్నా ముందే ఒళ్లు మనకు కబురు పెడుతోందని అర్థం. వారానికి 150 నిమిషాల వేగమైన నడక, అంటే రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు నడిస్తే బరువుతోపాటు ముప్పూ తగ్గుతుంది.

బిడ్డకు పాలు, తల్లికి రక్ష
30 దేశాల్లో జరిగిన 47 అధ్యయనాలను కలిపి చూసి 2002లో ఒక లెక్క తేల్చారు. మొత్తమ్మీద బిడ్డలకు పాలిచ్చిన ప్రతి 12 నెలలకు రొమ్ము క్యాన్సర్ ముప్పు 4.3 శాతం చొప్పున తగ్గుతుంది. ఇద్దరు పిల్లలకు ఏడాదిన్నర చొప్పున ఇస్తే మూడేళ్ల లాభం. పాలు పడక ఇవ్వలేకపోయిన తల్లులు మాత్రం మనసు కష్టపెట్టుకోవద్దు. ఇది అనేక కారణాల్లో ఒకటి మాత్రమే.

అవిసె గింజల కారంలో కిటుకు
పని అయిపోయిన ఈస్ట్రోజన్‌ను కాలేయం పైత్యరసంతో కలిపి పేగుల్లోకి పంపుతుంది. అక్కడి బ్యాక్టీరియా కొంత భాగాన్ని విడదీసి మళ్లీ రక్తంలోకి చేరుస్తుంది. తిండిలో పీచు ఉంటే ఎక్కువ భాగం బయటికి పోతుంది. జొన్నరొట్టె, రాగిసంకటి, తోటకూర, గోరుచిక్కుడు ఇందుకు మంచివి. అవిసె గింజల్లో పీచుతోపాటు లిగ్నాన్లనే పదార్థాలున్నాయి. ఇవి ఈస్ట్రోజన్‌ను పోలి ఉన్నా దానికన్నా చాలా బలహీనమైనవి. గింజలు అలాగే మింగితే అరగకుండా పోతాయి. సన్న సెగ మీద చిటపటలాడేదాకా వేయించి, ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి, చిటికెడు చింతపండు వేసి పొడి కొట్టుకోండి. వేడన్నంలో మొదటి ముద్దకు చాలు. ఇది మందు కాదు, మంచి అలవాటు.

వైన్ అయినా మద్యమే
‘ఒక్క గ్లాసు వైన్ ఒంటికి మంచిదట’ అనే మాట రొమ్ము విషయంలో చెల్లదు. మద్యం రక్తంలో ఈస్ట్రోజన్‌ను పెంచుతుంది. రోజుకు ఒక్క గ్లాసుతోనే ముప్పు కొంత పెరుగుతుంది. ఏ రకం తాగినా తేడా లేదు.

గర్భసంచి తీయిస్తే సరిపోదు
‘పిల్లలు పుట్టేశారుగా, తీయించేస్తే క్యాన్సర్ భయం కూడా ఉండదు’ అని సలహా ఇచ్చేవాళ్లు మన ఊళ్లలో ఎక్కువ. 15–49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో సగటున సుమారు 3 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో దానికి రెండింతలు మించి ఉన్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. ముట్లు ఆగేదాకా ఈస్ట్రోజన్‌ను ప్రధానంగా తయారుచేసేది అండాశయాలు, గర్భసంచి కాదు. పోనీ అని చిన్న వయసులోనే అండాశయాలూ తీసేస్తే ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. తప్పనిసరి అని ఇద్దరు డాక్టర్లు చెబితే తప్ప ఒప్పుకోవద్దు.

సొంతంగా మాత్రలు వద్దు
ముట్లుడిగాక వచ్చే వేడి ఆవిర్లకు ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ కలిపి ఇచ్చేవారు. 16,608 మంది మహిళలతో అమెరికాలో జరిగిన అధ్యయనంలో రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరిగినట్టు తేలడంతో 2002లో దాన్ని మధ్యలోనే ఆపేశారు. ఈ మాత్రలు కొందరికి నిజంగా అవసరం. ఎవరికి, ఎన్నాళ్లు అన్నది డాక్టరే చెప్పాలి. ‘హార్మోన్ బ్యాలెన్స్’ అని అమ్మే పొడులూ క్యాప్సూళ్లూ ఎవరో చెప్పారని కొనకండి.

నొప్పి లేని గడ్డే మోసం చేస్తుంది
ఎంత జాగ్రత్తగా ఉన్నవారికైనా ఈ జబ్బు రావచ్చు. మొదట్లో గడ్డ చాలావరకు నొప్పి పెట్టదు. ‘నొప్పి లేదుగా’ అని ఊరుకోవడమే కొంప ముంచుతుంది. ముంబయి మురికివాడల్లో లక్షన్నర మంది మహిళలతో ఒక అధ్యయనం చేశారు. సగం మందిని శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో పరీక్షించారు. ఇరవై ఏళ్లు గడిచాక చూస్తే, ఆ పరీక్షలు అందినవారిలో 50 దాటిన మహిళల్లో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. దీనికి పెద్ద మిషన్ కూడా అక్కర్లేకపోయింది. గడ్డ, చర్మంపై సొట్ట, చనుమొన లోపలికి పోవడం, రక్తం కలిసిన స్రావం... ఏది కనిపించినా ఆ వారంలోనే డాక్టరుకు చూపించుకోవాలి.

అమ్మకు ఫోన్ చేసినప్పుడు ‘తిన్నావా?’ అని అడగడం మనకు అలవాటు. ఈసారి ఆ ప్రశ్నతోపాటు ‘డాక్టరుకు ఒకసారి చూపించుకున్నావా?’ అని కూడా అడగండి. అడిగేవాళ్లు లేకే చాలామంది అమ్మలు గడ్డ సంగతి కొంగు చాటున దాచుకుంటారు.